బెల్జియం నుంచి వచ్చిన పాళెగాడి కత్తి

నేను పాళెగాళ్ల వంశంలో పుట్టానని నమ్మిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. ఆయనది బెల్జియం. ముప్ఫై నాలుగేళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన పోస్టుమాన్.

మా వంశానికి నిజంగా తెలిసింది బెల్లం. చిత్తూరులో మా నాయనకు బెల్లం మండీ ఉంది. అంతకుముందు అదే మండీలో మా తాత కూర్చునేవాడు. ఆయనకు ముందువాళ్లలో ఎవరైనా కత్తి పట్టారంటే ఎదురుగా ఉండింది చెరకు, శత్రువు కాదు.

బీకాం చదివే రోజుల్లో నాకు స్టాంపుల పిచ్చి పట్టింది. ఒక ఇంగ్లీషు పత్రికలో కలం స్నేహాల పేజీకి నా చిరునామా పంపితే వచ్చిన ఒకే ఒక్క జవాబు ఆ పెద్దాయనది. ఆయన ఇంగ్లీషు రేడియో విని నేర్చుకున్నది, నాది పరీక్ష గైడ్లు బట్టీపట్టి నేర్చుకున్నది. రెండూ తప్పులే కాబట్టి ఒకరి మాట ఒకరికి బాగా అర్థమయ్యేది. ఆయన తన కుక్క గురించి, ఇంటి ముందు కాలువ గురించి, వాన గురించి రాసేవాడు. నేను బెల్లం గురించి రాశాను. నాలుగు ఉత్తరాలకు బెల్లం అయిపోయింది.

అప్పుడు నా చేతికి ఒక ఫోటో దొరికింది. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే తిరుపతిలో ఉండే మా అవ్వ గంగమ్మకు మొక్కుకుంది. బతికితే ఏటా జాతరలో నాచేత దొర వేషం వేయిస్తానని. బతికాను, ఏటా వేశాను. ఆ సంవత్సరం వీధిలో ఫోటోలు తీసేవాడు ఒకడు నన్ను నిలబెట్టి తీశాడు. నెత్తిన జరీ తలపాగా, ఒళ్లంతా గంధం, మెడలో వేపాకు, చేతిలో అట్టను కత్తిరించి వెండి కాగితం అంటించిన కత్తి. ఫోటోలో ఆ కత్తి నాకన్నా గంభీరంగా పడింది. దాన్ని బెల్జియంకు పంపుతూ వెనకవైపు నాలుగు వరుసలు రాశాను. మా పూర్వీకులు పాళెగాళ్లనీ, తెల్లదొరలు మా ఇంటి కత్తులన్నీ పట్టుకుపోయారనీ, మిగిలింది ఇదొక్కటేననీ.

తిరుపతివాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతాను. ఆ జాతర కథలో పాళెగాడంటే ఊరి ఆడపిల్లల జోలికి వచ్చి గంగమ్మ చేతిలో తల తెగినవాడు. ఆ తల్లి వాణ్ని వెతుక్కుంటూ వేసిన వేషాలే ఇప్పటికీ మేం వేసేవి, వాణ్ని చంపినప్పటిదే నా దొర వేషం. వాడి వంశమని చెప్పుకునే మగాడు మా జిల్లాలో ఒక్కడూ కనబడడు. బెల్జియంలో చెప్పుకుంటే నష్టం లేదనుకున్నాను.

ఆరు వారాలకు జవాబు వచ్చింది. ఈసారి కవరులో స్టాంపులు లేవు, మూడు కాగితాల ఉత్తరం ఉంది. నా ఫోటోను ఆయనా, ఆయన భార్యా మార్చి మార్చి చూశారట. వాళ్ల ముందు గదిలో గోడకు ఒక ఖడ్గం వేలాడుతోందట. వాళ్ల తాత ఓడరేవులో ఒక నావికుడి దగ్గర కొన్నది. దక్షిణ ఇండియాదని ఆ నావికుడు చెప్పాడట. చిన్నప్పటి నుంచి దాన్ని చూసినప్పుడల్లా ఇది ఇక్కడ ఉండాల్సింది కాదని తనకు అనిపించేదట. తమకు పిల్లలు లేరు. కాబట్టి దాన్ని సొంత ఇంటికి పంపించేశాను, ఓడలో వస్తుంది, మూడు నెలలు పట్టవచ్చు అని రాశాడు. ఎలా కట్టాడో కూడా వివరంగా రాశాడు. కత్తి అలుగుకు నూనె రాసి, మైనం కాగితం చుట్టి, కొయ్యపెట్టెలో రెండు కొనల్లో గుడ్డలు దట్టించి, లోపల ఏముందో చెబుతూ పైన అతికించే ఆకుపచ్చ ఫారంలో 'పాత ఖడ్గం, ఒకటి, బహుమతి' అని నింపాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫారంలో అబద్ధం రాసేవాళ్లను చూసి బాధపడ్డాననీ, తాను ఆ పని చేయననీ చివర్లో ఒక వాక్యం.

ఆ ఉత్తరం చదివి నేను నవ్వాను. ఇది ఒప్పుకోవాలి. అంత దూరం నుంచి వచ్చే పెట్టె ఎక్కడో పోతుంది, పెద్దాయన మనసు తృప్తిపడుతుంది, నాకు మూడు కాగితాల కథ మిగులుతుంది అనుకున్నాను.

ఆ మూడు నెలల్లో నాకు ఉద్యోగం వచ్చింది. సూళ్లూరుపేట దగ్గర రాకెట్లు ఎగరేసే చోట గుమస్తా ఉద్యోగం. నేను రాకెట్టును ముట్టుకోనక్కర్లేదు, దాని తాలూకు కాగితాలను ముట్టుకుంటే చాలు. మూడు తరాల బెల్లంలో మొదటి సర్కారు కొలువు కావడంతో నాయన బజారంతా చెప్పేశాడు. పుట్టినప్పటి నుంచి మండీలో కందిరీగల మధ్య బతికిన నాకు, కందిరీగలు లేని గదిలో కుర్చీ దొరకడమే స్వర్గం. అయితే ఎంపిక కాగితం చివర చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. పోలీసు విచారణలో నాపై ఏమీ లేదని తేలితేనే చేరమంటారు. రాకెట్ల చోటు కాబట్టి విచారణ గట్టిగా ఉంటుందని అందరూ చెప్పారు. నామీద ఏముంటుంది అని నవ్వాను. నా నవ్వులకు ఆ రోజుల్లో లెక్కలేదు.

రిజిష్టరు కవరు ఒక ఉదయం వచ్చింది. మా వీధి పోస్టుమాన్ నన్ను గోలీలాడే వయసు నుంచి ఎరుగును. సైకిలు దిగకుండా కాలు అరుగుమీద పెట్టి, కవరు ఇంకా సంచిలోనే ఉంచి, మద్రాసు కస్టమ్స్ నుంచి వచ్చిందనీ సంతకం పెట్టమనీ చెప్పాడు. కస్టమ్స్ అనే మాట మా ఇంట్లో అంతకుముందు ఒక్కసారే వినబడింది. తడ దగ్గర చెకింగులో ఎవరిదో బంగారం పట్టుకున్నారని నాయన పేపరు చదివి వినిపించినప్పుడు. నేను పెన్ను అందుకోబోతుంటే లోపల నుంచి మా మామ వచ్చాడు.

మా అమ్మకు తమ్ముడైన ఈ మామది ఐరాల. ఒక బావి గట్టు మీద పదకొండేళ్లుగా కోర్టులో వ్యాజ్యం నడుపుతున్నాడు కాబట్టి మా ఇంట్లో ఆయనే లాయరు. ఆ పదకొండేళ్లలో ఏ నోటీసునూ మొదటిసారి తీసుకోలేదని ఆయన గర్వం. నాకంటే ముందే పెన్ను అందుకుని తన జేబులో పెట్టుకున్నాడు.

"పట్టుకుంటే కదరా నీదయ్యేది. పట్టుకోకపోతే అది ఎవురిదీ కాదు, గాల్లో ఉంటాది" అన్నాడు.

పోస్టుమాన్ సంచి మూత వేశాడు. "వద్దంటే ఇచ్చినట్టే లెక్క సామీ. 'తీసుకోలేదు' అని నేను రాస్తానే, ఆ రాసిందే చాలు వాళ్లకి" అన్నాడు నెమ్మదిగా. కావాలంటే ఏడు రోజులు తన దగ్గరే పెట్టుకుంటాననీ, ఆలోచించుకోమనీ కూడా చెప్పాడు. ఏడు రోజులూ రోజూ మా ఇంటి ముందు సైకిలు బెల్లు కొట్టాడు. ఏడు రోజులూ మామ నన్ను పెరట్లోకి పంపి ఊళ్లో లేడని చెప్పాడు. ఏడో రోజు నేను జామచెట్టు పక్కన నిలబడి ఉంటే పోస్టుమాన్ గోడమీదుగా నన్ను చూశాడు. నేనూ ఆయన్ను చూశాను. ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నాకు భయం మొదలైంది అప్పుడు. ఆ మనిషి నన్ను తిట్టి ఉంటే మొదలయ్యేది కాదేమో.

రెండో కవరు మామూలు పోస్టులో వచ్చింది. సంతకం అక్కర్లేదు, వద్దనడానికి మనిషి అక్కర్లేదు, తలుపు సందులోంచి లోపల పడిపోయింది. మామ ఆ రోజు ఐరాలలో ఉన్నాడు. ఉన్నా ఏమీ చేయలేకపోయేవాడు. ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ. అర్థమైనంత వరకు సంగతి ఇది. ఫలానా దేశం నుంచి నా పేరిట ఒక ఆయుధం వచ్చింది. దిగుమతి లైసెన్సు లేదు. ముందు పంపిన నోటీసును నేను తిరస్కరించాను. పదిహేను రోజుల్లోగా స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పకపోతే సరుకు జప్తు చేసి, జరిమానా వేసి, విషయాన్ని నా జిల్లా పోలీసులకు రాస్తారు.

జిల్లా పోలీసులంటే నా విచారణ చేయాల్సిన పోలీసులే.

ఆ కాగితాన్ని నేను మూడుసార్లు చదివాను. ఆయుధం అన్న మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా నా పేరు పక్కనే ఉండడం విచిత్రంగా అనిపించింది. జోకు ఒకటి వేయబోయి చూశాను, వినడానికి ఎవరూ లేరు, అయినా రాలేదు.

నాయన నన్ను కోర్టు ముందు రేకుల కింద టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నోటీసు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చదివాడు. చట్టం ఏమంటుందో చెప్పాడు. అలుగు తొమ్మిది అంగుళాల పొడుగు దాటినా, రెండంగుళాల వెడల్పు దాటినా అది ఆయుధమే. ఇంటి పనికీ సేద్యానికీ చేసిందైతే వదిలేస్తారు. బయటి దేశం నుంచి తెప్పించడానికి లైసెన్సు ఉండాలి, అదీ వస్తువు బయల్దేరకముందే. పోస్టులో అయితే ఇంకా గట్టి.

ఇంటి పనికని రాయవచ్చు కదా అన్నాను. ఏం పనికి అని ఆయన వేళ్లు టైపు మీద పెట్టుకుని అడిగాడు. బెల్లం కొట్టడానికి అన్నాను.

ఆయన వేళ్లు తీసేసి నాయన వైపు తిరిగాడు. "ఈ పిలగాన్ని మద్రాసుకు పంపేటప్పుడు నోటికి గుడ్డ కట్టి పంపప్పా" అన్నాడు.

తొమ్మిది అంగుళాల సంగతి నాయన ఇంట్లో చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. సాయంత్రానికి అమ్మ నా స్కేలు తీసుకుని వంటింట్లో కూర్చుంది. కత్తిపీట, కొబ్బరికాయలు కొట్టే కత్తి, పెరట్లో కంప నరికే మచ్చుకత్తి, మండీలో బెల్లం అచ్చులు పగలగొట్టే కత్తి వరుసగా పెట్టుకుని కొలిచింది. మూడు దాటాయి. అవి ఇంటి పనివేనని, వాటికి భయం లేదని ఎంత చెప్పినా వినకుండా బియ్యం డబ్బాలో దాచింది. వారం రోజులు మా ఇంట్లో కూరగాయలు చేతితో తుంచుకోగలిగినవే వండారు. బీరకాయను చేతితో తుంచడం ఎలాగో మా అమ్మకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆ సాయంత్రం కత్తులు కొలుస్తూనే అమ్మ నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. అసలు ఆ దేశపాయన నీకెందుకు పంపినాడు అని. అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాను. ఆమె స్కేలు కింద పెట్టింది.

"గంగమ్మ చేతిలో తల తెగినోని వంశమని రాసినావా? ఆ తల్లి మొక్కు వేషం ఏసుకోని?" అంది. గొంతు పెంచలేదు. "మద్రాసోళ్లకు యేదో ఒకటి సెప్పుకోవచ్చు. ఆ తల్లికి ఏం సెప్పుకుంటావు నాయనా?"

నాకు దేవుడంటే పెద్ద నమ్మకం లేదని కాలేజీలో చాలామందికి చెప్పి ఉన్నాను. ఆ మాట అమ్మకు చెప్పే ధైర్యం చాలలేదు. నిజానికి ఆ రోజు నాకే ఆ మాట గుర్తు రాలేదు.

మద్రాసుకు పోవడానికి రెండు రోజులుందనగా పోలీసు కానిస్టేబులు ఇంటికి వచ్చాడు. పట్టపగలు, యూనిఫాంలో, చేతిలో ఫైలుతో. అమ్మ వంటింట్లో బియ్యం డబ్బా మూతమీద కూర్చుండిపోయింది. ఆయన కాఫీ అడిగితే లేచి పెట్టలేదు. నాయనే కలిపి తెచ్చాడు. ఆ కాఫీలో చక్కెర ఎంత పడిందో ఆ కానిస్టేబులుకే తెలియాలి.

ఆయన వచ్చింది ఉద్యోగం విచారణకు. మామూలుగా, స్నేహంగానే అడిగాడు. ఎన్నాళ్ల నుంచి ఈ ఇంట్లో ఉన్నారు, పార్టీలేమైనా ఉన్నాయా, పొరుగువాళ్లతో గొడవలేమైనా ఉన్నాయా. ఒక్కో జవాబూ రాసుకున్నాడు. నా చొక్కా జేబులో మడిచి పెట్టిన కస్టమ్స్ నోటీసు ఉంది, రెండు రోజులుగా దాన్ని ఎక్కడా వదలడం లేదు. కాగితం అంచు చొక్కా గుడ్డలోంచి కనబడుతోందేమోనని అనుమానం వచ్చి చేతులు కట్టుకున్నాను. తర్వాత చేతులు కట్టుకోవడం మరీ అనుమానంగా ఉందనిపించి దింపాను.

"కేసులేమన్నా ఉండాయా నీ మింద?" అన్నాడు కానిస్టేబులు, రాస్తూనే.

"లేవు సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. ఇంకా కేసు కాలేదు. కానీ నా జీవితంలో నేను చెప్పిన మాటల్లో అంత చెమట పట్టించినది ఇంకొకటి లేదు. ఆయన తలెత్తి చూసి, వారంలో మళ్లీ వస్తాననీ, ఊళ్లో ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు తెచ్చి పెట్టమనీ, అవి కాగానే రిపోర్టు పైకి పంపేస్తాననీ చెప్పి లేచాడు. అంటే నాకు మిగిలింది వారం. ఆయన రిపోర్టు పైకి పోయేలోపు మద్రాసు కాగితం కిందికి రాకూడదు.

ఆయన పోయాక నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మామ ఉండి ఉంటే ఏదో సలహా చెప్పేవాడే. ఐరాల నుంచి కబురు పంపాడు, బావి కేసు వాయిదా ఉంది, రాలేనని.

మద్రాసు బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. రాణిపేటలో బస్సు ఆగినప్పుడు అరటిపండ్లు కొని ఒకటి నా చేతిలో పెట్టాడు. తినలేకపోయాను. ఆయన గమనించి తీసుకుని తాను తిన్నాడు. భయపడినప్పుడు ఆయనకు ఆకలి ఎక్కువవుతుందని నాకు ఆ రోజే తెలిసింది. నాకు ఇరవై రెండేళ్లు, ఆయన్ను రోజూ చూస్తూనే ఉన్నాను.

విదేశీ పార్శిళ్లు చూసే ఆ ఆఫీసులో పొడుగాటి బల్లలు, వాటి మీద కోసిన పెట్టెలు, దారాలు, లక్క వాసన. వరుసలో మా ముందున్న ఒకావిడ తన అన్న సింగపూరు నుంచి పంపిన చీరల గురించి ఏడుస్తోంది. చీరలకే ఏడుస్తుంటే ఖడ్గానికి ఏం చేయాలో నాకు తోచలేదు. మా వంతు వచ్చింది. ఆఫీసరుకు యాభై ఏళ్లుంటాయి, తెలుగు వచ్చు, తమిళం కలిసిన తెలుగు. నా కాగితం చూడగానే పక్క గుమస్తాకు ఏదో చెప్పాడు. గుమస్తా లోపలికి పోయి కొయ్యపెట్టె తెచ్చాడు.

పెద్దాయన రాసినట్టే ఉంది. కొనల్లో గుడ్డలు, మైనం కాగితం, ముడులన్నీ ఒకే రకంగా. అంత అందంగా కట్టిన పార్శిలు తన ఇన్నేళ్ల ఉద్యోగంలో చూడలేదని ఆఫీసరు తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. కాగితం విప్పి, ఒరలోంచి లాగి, బల్లమీద పెట్టాడు. అట్టకత్తి పట్టుకుని జాతరలో ఊరంతా తిరిగినవాణ్ని, ఆ వస్తువును చూసి ఒక అడుగు వెనక్కి వేశాను. వంపు తిరిగిన అలుగు, పిడి చివర చిన్న పళ్లెంలాంటి చక్రం, దానిమీద అరిగిపోయిన తీగ పని. ఒకచోట అంచు చిట్లి ఉంది. దేనికి తగిలి చిట్లిందో ఆలోచించకుండా ఉండాలని ప్రయత్నించాను. గుమస్తా టేపు పెట్టాడు. ఇరవై తొమ్మిది అంగుళాలు.

పెట్టెలో ఒక ఉత్తరం కూడా ఉంది. ఆఫీసరు దాన్ని ముందే చదివి ఉన్నాడు. మళ్లీ చదివి, కళ్లజోడు పైనుంచి నన్నూ నాయననూ చూశాడు. నాయన ధోవతి అంచున బెల్లం మరక ఉంది, ఎప్పుడూ ఉంటుంది.

"మీరు పాళెగారా?" అన్నాడు.

"లేదు సార్. బెల్లం" అన్నాను.

జోకు కోసం అన్నది కాదు. నోట్లోంచి వచ్చిన నిజం అంతే. గుమస్తా నవ్వాడు, ఆఫీసరు నవ్వలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. స్టాంపులు, జాతర, వెండి కాగితం, ఫోటో వెనక రాసిన నాలుగు వరుసలు, నోటీసు తీసుకోకపోవడం, రాకెట్ల ఉద్యోగం, కానిస్టేబులు. ఎక్కడా ఆపి చమత్కారం చేయబుద్ధి కాలేదు. అంతా విని ఆయన రెండు కాగితాలు బయటికి తీశాడు.

ఒకటి, సరుకు నేను అడగలేదనీ, దానిమీద నా హక్కు వదులుకుంటున్నాననీ రాసివ్వడం. ఈ రోజే ఫైలు మూసేస్తారు, పోలీసులకు ఏమీ పోదు, కత్తి సర్కారుకు పోతుంది. తర్వాత కరిగిస్తారో, ఏ గోదాములో పడేస్తారో తనకు తెలియదన్నాడు. రెండోది, పంపినవాడికే తిప్పి పంపమని అర్జీ పెట్టుకోవడం. అది పైఅధికారి విని తేల్చాలి. ఆరు నెలలు పట్టవచ్చు. ఆ ఆరు నెలలూ ఫైలు తెరిచే ఉంటుంది, ఆయుధం కాబట్టి జిల్లాకు ఒక నకలు పోక తప్పదు.

"రెండూ న్యాయమే తంబీ. యోచన చేసి చెప్పు" అని ఆయన తరువాతి మనిషిని పిలిచాడు.

నాయన నన్ను వరండాలోకి తీసుకువచ్చాడు. అక్కడ ఒక మూలన కట్టులు విప్పిన ఖాళీ పెట్టెలు గుట్టగా పడి ఉన్నాయి. ఆయన వాటిలో ఒకదాని మూత సరిచేసి పెట్టాడు.

"ఆ పెద్దాయన వస్తువు ఆయనకే పోనీరా" అన్నాడు చివరికి. "తాతది అంట. పిల్లలు కూడా లేరంట. ఉద్యోగం పోతే మండీ యాడికీ పోదు కదా. ఈడనే ఉండాది."

బజారంతా చెప్పుకున్న మనిషి ఆయన. కానిస్టేబులుకు తన చేత్తో కాఫీ కలిపి తెచ్చిన మనిషి. ఆ మాట ఆయనకు ఎంత బరువో నాకు తెలుసు. సరే నాయనా అని ఒక్క మాట అంటే సరిపోయేది.

"వద్దు నాయనా" అన్నాను.

లోపలికి పోయి మొదటి కాగితం మీద సంతకం పెట్టాను. దాని కింద ఆఫీసరు చెప్పినట్టు ఇంకో రెండు వాక్యాలు రాశాను, నేను పాళెగాళ్ల వంశం కాదనీ, పంపినవారికి అసత్యం రాశాననీ. సర్కారు కాగితం మీద అలా రాసి సంతకం పెట్టినవాళ్లు మా జిల్లాలో నేనొక్కడినే అయి ఉంటాను. గుమస్తా కత్తిని ఒరలో పెట్టి, మైనం కాగితం మళ్లీ చుట్టబోయి, అవసరం లేదని గుర్తొచ్చి కాగితాన్ని పక్కన పడేశాడు.

కానిస్టేబులు వారానికి వచ్చాడు, సంతకాలు తీసుకున్నాడు, ఈసారి అమ్మ కాఫీ ఇచ్చింది. రెండు నెలలకు ఉద్యోగంలో చేరాను. అమ్మ ఒప్పించి మరుసటి జాతరకు నాచేత తోటి వేషం, అంటే ఊరి పనులు చేసే బంటు వేషం, వేయించింది. దొర వేషం ఇక వద్దంది.

పెద్దాయన దగ్గర నుంచి వరసగా మూడు ఉత్తరాలు వచ్చాయి. ఖడ్గం ఇల్లు చేరిందా అని. ఏ గదిలో పెట్టారు అని. మూడో దానిలో ఓడ పోస్టు ఒక్కోసారి ఆలస్యమవుతుంది, దిగులుపడవద్దని నాకే ధైర్యం చెప్పాడు. సూళ్లూరుపేటలో అద్దె గదిలో కూర్చుని వాటిని చదివేవాణ్ని. కస్టమ్స్ నోటీసుకు కూడా నేను అంత భయపడలేదు. చేరిందని రాస్తే ఆయన సంతోషంగా ఉంటాడు, దారిలో పోయిందని రాస్తే మరిచిపోతాడు, రెండూ నాకు సులువుగా వచ్చే పనులే. ఎందుకో చేతకాలేదు. ఎనిమిది చిత్తులు చించాక, మద్రాసులో చెప్పినట్టే మొత్తం రాశాను. తిప్పి పంపే దారి ఉండిందనీ, మా నాయన ఆ దారే చెప్పాడనీ, నేను వద్దన్నాననీ కూడా రాశాను. పోస్టు డబ్బాలో వేశాక చేతిని లోపలికి పెట్టి తిరిగి తీసుకోవచ్చేమోనని చూశాను. సందు ఇరుకు.

జవాబు రెండున్నర నెలలకు వచ్చింది. కవరు పట్టుకుని ఆ రోజంతా తెరవలేదు. మర్నాడు ఆఫీసులో భోజనాల వేళ తెరిచాను. ఒకే కాగితం. పాళెగాళ్ల గురించి ఒక్క మాట లేదు. ఉద్యోగం గురించి ఒక్క మాట లేదు. తప్పు తనదని రాశాడు. ఏ దేశానికి ఏవి పంపకూడదో చెప్పే పుస్తకం ప్రతి పోస్టాఫీసులో ఉంటుందనీ, ముప్ఫై నాలుగేళ్లు ఆ పుస్తకం చూసి ఇతరుల పార్శిళ్లు ఆపినవాణ్ని, సొంత పార్శిలుకు చూడలేదనీ, సంబరంలో పడి మరిచిపోయాననీ రాశాడు. తమ ఊరి ఆఫీసులో ఉన్నది పాత ప్రతి. అందుకని ఒక సాయం అడిగాడు. మా వైపు పుస్తకంలో ఆ నియమం ఎలా ఉందో మాటకు మాట రాసి పంపమన్నాడు. వాళ్ల ప్రతిలో అతికిస్తాడట, ఇంకొకరు ఇలా చేయకుండా.

శనివారం చిత్తూరు వచ్చినప్పుడు పెద్ద పోస్టాఫీసుకు పోయాను. మా వీధి పోస్టుమాన్ అక్కడే ఉత్తరాలు వేరు చేస్తున్నాడు. ఏం కావాలని అడిగాడు, చెప్పాను. బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి, దుమ్ము తట్టి, ఎక్కడ తెరవాలో తెలిసినట్టు ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. ఆ నియమం రెండు వరుసలే ఉంది. నేను రాసుకుంటుంటే ఆయన పక్కన నిలబడి చూశాడు.

"కామా యిడిసిపెట్టినావు సూడు" అన్నాడు.

కామా పెట్టాను. కాగితం మడిచి కవరులో పెట్టి, బెల్జియంకు ఎంత స్టాంపు అంటించాలో ఆయన్నే అడిగాను.